ఓడిపోయానని చెప్పడానికో మాట

'కిందపడ్డా పైచేయి నాదే' అని మనకో సామెత ఉంది. వాదనలో ఓడిపోయి కూడా ఒప్పుకోని వాణ్ణి వెక్కిరించడానికి వాడతాం. కానీ ఆ బొమ్మని ఒకసారి ఊహించుకోండి. వెల్లకిలా పడి ఉన్నాడు, మీద అవతలివాడు కూర్చున్నాడు, వీడేమో ఇంకా పైచేయి తనదే అంటున్నాడు. ఇది కుస్తీ చూసినవాళ్ళు పుట్టించిన మాటేనని నాకు గట్టి నమ్మకం. అసలు మన భాష నిండా కుస్తీయే. గోదాలోకి దిగడం, పట్టు బిగించడం, పట్టు సడలడం, పట్టూవిడుపూ... ఈ మాటలు లేకపోతే ఎన్నికల సీజన్లో మన పేపర్లు ఖాళీగా రావాల్సిందే.

జపాన్ వాళ్ళ కుస్తీలో దీనికి సరిగ్గా ఎదురు మాట ఒకటుంది. 'మైత్తా'. నేను ఓడిపోయాను, ఇక వదులు అని అర్థం. చేతికి మెలిక పడ్డప్పుడు ఆ మాటన్నా అనాలి, అరచేత్తో రెండుసార్లు తట్టనన్నా తట్టాలి. అవతలివాడు ఆ క్షణమే పట్టు వదిలెయ్యాలి. జూడోలో చేరినవాడు ఎవర్నయినా పడెయ్యడం కంటే ముందు నేర్చుకునేవి రెండు: పడటం ఎలాగో, ఓడిపోయానని చెప్పడం ఎలాగో. ఈ రెంటి చరిత్ర నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. అదే ఈ గోలంతా.

సూళ్లూరుపేటవాడికి జూడో ఏంటి, జపనీసేంటి అంటారా? మద్రాసు సబర్బన్ రైలు ఉత్తరాన చివరాఖరికి ఆగేది మా ఊళ్ళోనే. ఆదివారం పొద్దున్నే అదెక్కి చెన్నైలో దిగి జూడో క్లాసుకి పోతాను. జపనీసు సంగతంటారా, మాకు దగ్గర్లోనే తడ పక్కన శ్రీసిటీ ఉంది. 2008లో మొదలైంది. ఇసుజు, కోబెల్కో, డైకిన్ లాంటి జపాను కంపెనీలు వచ్చాక చుట్టుపక్కల ఇంజనీరింగు చదివిన పిల్లలకి 'ఎన్-4 పాసయ్యావా' అనేది మామూలు ప్రశ్న అయిపోయింది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణే అయినా మా క్లయింటు జపాన్‌వాడు కాబట్టి నాకూ తప్పలేదు. మా మామయ్యకి మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. "ఏంది అబ్బయా, టికెట్టు పెట్టుకొని మెడ్రాసుకి పోయి కిందపడొస్తా ఉండావంట?" అంటాడు. నిజమే మరి, మొదటి రెండు నెలలూ నేను చేసిందదే.

అసలు సంగతికొస్తే, కథ 1882లో మొదలవుతుంది. ఆ ఏడాది మే నెలలో టోక్యోలో ఎయిషోజి అనే గుళ్ళో పన్నెండు చాపలు పరిచి జిగోరో కానో అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు ఒక బడి పెట్టాడు. దాని పేరు కోడోకాన్. మొదటి ఏడాది శిష్యులు తొమ్మిదిమంది. సరిగ్గా అదే 1882లో ఇక్కడ శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో కోడి రామమూర్తి నాయుడు పుట్టాడు. మన కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులిస్. రొమ్ము మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసుల్ని ఊపిరి బిగించి తెంపడం, కదిలే కార్లని ఆపడం - ఇవి మన తాతలు చెప్పుకున్న విశేషాలు. లండన్‌లో ఐదో జార్జి దంపతుల ముందు కూడా ప్రదర్శన ఇచ్చాడంటారు.

ఇద్దరూ బడిపంతుళ్ళే కావడం నాకు భలే అనిపించింది. రామమూర్తి మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ తీసుకుని విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేశాడు. కానో టోక్యో విశ్వవిద్యాలయంలో చదివి గకుషూయిన్‌లో పాఠాలు చెప్పాడు. అక్కడితో పోలిక ఆఖరు. కానో మనిషి పొట్టి, అయిదడుగుల రెండంగుళాలు. బడిలో పెద్దపిల్లల చేత తన్నులు తిని, ఆ కసితో జుజుత్సు నేర్చుకోవడానికి వెళ్ళినవాడు. అప్పటికి జుజుత్సు గురువుల పరిస్థితేమీ బాగాలేదు. 1868లో మెయిజీ ప్రభుత్వం వచ్చింది, 1876లో సమురాయ్‌లు కత్తులు పెట్టుకు తిరగడం నిషేధించారు. పాత విద్యలంటే జనానికి చిన్నచూపు. చాలామంది గురువులు ఎముకలు కట్టుకుని బతికేవాళ్ళు (మన పుత్తూరు కట్టు గుర్తొచ్చిందా?). కానో మొదటి గురువు ఫుకుదా హచినోసుకే కూడా ఆ వృత్తివాడే. ఒకసారి ఏదో పట్టు ఎలా వెయ్యాలో చెప్పమని కానో అడిగితే, గురువు చెప్పకుండా ఎత్తి పడేశాడట. మళ్ళీ అడిగితే మళ్ళీ పడేశాడట. చేస్తూ పోతే అదే తెలుస్తుందని ఆయన సిద్ధాంతం.

మనమయితే దీన్ని గురుభక్తి కథ చేసి హరికథ చెప్పుకునేవాళ్ళం. కానో మాత్రం ఆ పద్ధతి చాలదనుకున్నాడు. తనకంటే చాలా బరువైన ఒక సహపాఠీని ఎలాగూ పడెయ్యలేక, లైబ్రరీకి వెళ్ళి పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగేసి, అందులోంచి భుజాల మీదికి ఎత్తి పడేసే పట్టు ఒకటి తయారుచేసుకున్నాడు. అది ఇప్పటికీ 'కతా-గురుమా' పేరుతో జూడోలో ఉంది. డాక్యుమెంటేషన్ చదివి సమస్య తీర్చుకున్నవాడంటే మాబోటివాళ్ళకి గౌరవం సహజం కదా.

తర్వాత చేసిన పని ఇంకా పెద్దది. పడెయ్యడాన్ని మూడు ముక్కలు చేశాడు. ముందు అవతలివాడి తూకం తప్పించడం, తర్వాత మన ఒంటిని అక్కడికి చేర్చడం, ఆఖర్న పడెయ్యడం. బలం అవసరమయ్యేది ఆఖరి ముక్కలో, అదీ కొంచెమే. 1883లోనే దాన్ అనే స్థాయిలు మొదలుపెట్టాడు. 1895లో నలభై రెండు పట్లని ఐదు వరసలుగా పేర్చి సిలబస్ తయారుచేయించాడు. 1920లో మళ్ళీ కూర్చుని కొన్ని తీసి, కొన్ని కలిపి నలభై చేశారు. సిలబస్ మార్చడానికి ఒప్పుకునే గురువు ఎంత అరుదో చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. అన్నట్టు, రంగురంగుల బెల్టులు చూసి అదేదో వేల ఏళ్ళ సంప్రదాయం అనుకోకండి. నల్ల బెల్టు 1880ల నాటిది, రంగు బెల్టులు యూరప్‌లో పుట్టినవి. మా పులికాట్ సరస్సు పక్క కాలువకి బకింగ్‌హామ్ పేరు పెట్టింది 1878లో. అంటే మా కాలువ పేరు జూడో కంటే నాలుగేళ్ళు పెద్ద. 'ప్రాచీన జపాన్ రహస్యాలు' అని పుస్తకాలు అమ్మేవాళ్ళని ఇకనుంచి అనుమానంగా చూడండి.

రామమూర్తికి విద్య లేదా అంటే, ఉంది. ప్రాణాయామం, ఊపిరి బిగపట్టడం తన బలానికి మూలమని ఆయనే చెప్పేవాడు. శాకాహారి. సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగాడు. లక్షలమంది చూశారు, చప్పట్లు కొట్టారు. 1942లో పోయాడు. చివరి రోజుల్లో కాలికి పుండుపడి కాలు తీసెయ్యాల్సి వచ్చిందని చదివితే మనసు కలుక్కుమంటుంది. ఇవాళ విశాఖ బీచ్‌లో విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది. గొలుసు తెంపడం నేర్చుకోవాలంటే మొదటి రోజు ఏం చెయ్యాలి, ఏడో రోజు ఏం చెయ్యాలి అనే కాగితం మాత్రం మన చేతికి రాలేదు. ఆయన్ని చూసి మనం నమస్కారం పెట్టాం, వాళ్ళు కానోని చూసి హాజరు వేయించుకున్నారు. ఇందులో రామమూర్తి తప్పేం లేదు. ఏనుగుని చూడ్డానికి వచ్చినవాడు టిక్కెట్టుకి డబ్బులిస్తాడు గానీ, పడటం నేర్పుతా రమ్మంటే ఎందుకొస్తాడు?

ఇహ భాష సంగతి. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి.

జపనీసు తెలుగువాడికి భయపడాల్సిన భాష కాదు. కంజీలు పెట్టే హింస వేరే సంగతి. వాక్యం మాత్రం మనదే. కర్త, కర్మ, చివర క్రియ. 'తిని చూడు' అనాలంటే వాళ్ళూ 'తిని' అని 'చూడు' తగిలిస్తారు, తబెతే మిరు. మనం 'వస్తానని అన్నాడు' లో వాడే 'అని'కి వాళ్ళ దగ్గర 'తొ' ఉంది. ప్రశ్నకి చివర్న 'కా' చేరిస్తే చాలు. గబగబా, గలగలా లాంటి జంట మాటలు వాళ్ళకీ కొల్లలు. ఇంకో విచిత్రం, వాళ్ళ అక్షరాల వరస: క, స, త, న, హ, మ, య, ర, వ. మన క-చ-ట-త-ప, య-ర-ల-వ కి దగ్గరగా లేదూ? ఉండటానికి కారణం ఉంది. సంస్కృత మంత్రాల కోసం సిద్ధం లిపి నేర్చుకున్న బౌద్ధ భిక్షువుల ద్వారా వెళ్ళిన వరస అది. 'హ' ఒకప్పుడు 'ప', కాబట్టి అది కూడా తన చోట్లోనే ఉంది. ఇవన్నీ చూసి సుసుము ఓనో అనే పండితుడు జపనీసుకీ తమిళానికీ చుట్టరికం కలిపాడు గానీ, భాషాశాస్త్రజ్ఞులు చాలావరకు ఒప్పుకోలేదు. వాక్యం పోలినంత మాత్రాన వియ్యం అందుకోలేం.

అదలా ఉంచండి. జూడోలో దెబ్బ తగలకుండా పడటాన్ని 'ఉకెమి' అంటారు. ఉకె అంటే స్వీకరించడం, మి అంటే ఒళ్ళు. పడేటప్పుడు గడ్డం రొమ్ముకి ఆనించి, చెయ్యి చాచి నేలని చరుస్తాం. దెబ్బ ఒక్కచోట కాకుండా చెయ్యంతా, వీపంతా పంచుకుంటుంది. తల నేలకి తగలదు. ఇక్కడిదాకా మామూలే. ఒకరోజు వ్యాకరణం క్లాసులో పాఠం పేరు చూసి ఆగిపోయాను. కర్మణి ప్రయోగాన్ని కూడా వాళ్ళు 'ఉకెమి' అనే అంటారు! కొట్టబడ్డాడు, తిట్టబడ్డాడు - ఇది ఉకెమి. వాళ్ళయితే ఇంకా ఒకడుగు ముందుకెళ్ళి, వానలో తడిస్తే 'వానచేత కురవబడ్డాను' అన్నట్టుగా కూడా చెప్తారు.

మరి మన కర్మణి ఎలా తయారవుతుంది? చెప్పబడింది, వ్రాయబడింది, కొట్టబడ్డాడు. అంతటా 'పడు'. వాళ్ళు కర్మణికి పడే విద్య పేరు పెట్టుకుంటే, మనం ఏకంగా పడటాన్నే తెచ్చి క్రియకి అతికించాం. భయపడతాం, బాధపడతాం, సిగ్గుపడతాం, కష్టపడతాం, చివరికి సుఖపడినా పడాల్సిందే. ఇంతలా పడే జాతి పడటం ఎలాగో ఎక్కడా నేర్పకపోవడం చిత్రం కాక ఏంటి?

నేర్పడం లేదని ఊరికే అనడం లేదు. మా చుట్టుపక్కల పిల్లలు పదో తరగతి అవగానే కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ళకి పోతారు. పొద్దున అయిదు నుంచి రాత్రి పదిదాకా గెలవడం ఒక్కటే పాఠం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మూల్యాంకనంలో తప్పులు, సాఫ్ట్‌వేర్‌లో లోపాలు అని తర్వాత చాలా చర్చ జరిగింది. అవీ నిజమే. కానీ పదహారేళ్ళు చదివించిన మనం, ఫెయిలయిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి ఏం మాటతో మొదలుపెట్టాలో వాళ్ళకి ఒక్కసారీ చెప్పలేదు.

మా ఊరివాళ్ళకి పడటం తెలియదనీ అనలేను. 1979 ఆగస్టు 10న మా పక్కనే శ్రీహరికోట నుంచి లేచిన మొదటి ఎస్సెల్వీ-3 అయిదు నిమిషాల్లో బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు ధావన్ కలాంని పక్కన కూర్చోబెట్టుకుని విలేకరులకి తానే జవాబు చెప్పిన కథ ప్రతి మోటివేషన్ స్పీకరూ అరగదీసేశాడు, నేను మళ్ళీ చెప్పను. నాకు నచ్చేది దాని తర్వాతి భాగం. కూర్చుని ఎక్కడ పోయిందో వెతికారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోక ఆమ్లం ముందే కారిపోయిందని తేల్చారు. 1980 జూలై 18న 35 కిలోల రోహిణి కక్ష్యలోకి వెళ్ళింది. నేల చరిచి లేవడం అంటే ఇదే.

మళ్ళీ 'మైత్తా' దగ్గరికి వద్దాం. దీని మూలం 'మైరు' అనే క్రియ. మనకంటే పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు, గుడికి వెళ్ళేటప్పుడు వాడే వినయమైన మాట. 'తమ దగ్గరికి వచ్చాను' అనడమే 'ఓడిపోయాను' అనడం అయింది. మన కుస్తీలో ఓటమి వేరేలా తేలుతుంది. హైదరాబాద్ తాలీంఖానాల్లో వెల్లకిలా పడితే 'చిత్' అయినట్టు. ఆ మాట చెప్పేది రెఫరీ, చుట్టూ ఉన్న జనం. ఓడినవాడు నోరు తెరవక్కర్లేదు. తర్వాత కాలర్ ఎగరేసి, కాలు జారింది గానీ అని చెప్పుకోవడానికి వీలుంటుంది. పైచేయి సామెత అందుకే పుట్టిందనుకుంటా.

ఓటమి ఒప్పుకోని వీరులు జపాన్ బయట చాలామంది దొరుకుతారు. కానో శిష్యపరంపరలోని మయేదా 1914లో బ్రెజిల్ చేరి అక్కడ గ్రేసీ కుటుంబానికి విద్య నేర్పాడు. 1951 అక్టోబర్ 23న రియోలో ఆ ఇంటివాడు హేలియో గ్రేసీ, జపాన్ మేటి కిమురా చేతికి చిక్కాడు. చెయ్యి విరిగింది. అయినా తట్టలేదు. చివరికి అతని పక్షంవాళ్ళే తువ్వాలు విసిరి ఆపించారు. కానీ బ్రెజిల్ వాళ్ళ గొప్పతనం చూడండి, తమవాడి చెయ్యి విరిచిన ఆ పట్టుకి కిమురా పేరే పెట్టుకున్నారు. ఇవాళ ప్రపంచమంతా అదే పేరు. మన ఉపఖండం సంగతంటారా, 1976 డిసెంబర్‌లో కరాచీలో గామా పహిల్వాన్ తమ్ముడి కొడుకు అక్రమ్, జపాన్ ఇనోకీతో తలపడ్డాడు. చెయ్యి పాడైంది, ఒప్పుకోలేదు, డాక్టరు చూశాక ఆట ఆపారు. ఆ చేతికి పైచేయి సామెత వర్తిస్తుందో లేదో మీరే చెప్పండి.

ఓడిపోవడంలో జపాన్ వాళ్ళకీ పరీక్ష ఎదురైంది. 1964లో జూడోని మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టారు, అదీ టోక్యోలో. అక్టోబర్ 23న (మళ్ళీ అదే తారీఖు) బరువుతో పనిలేని విభాగం ఫైనల్లో డచ్చివాడు గీసింక్ వాళ్ళ కమినగాని పట్టి నేలకి అదిమేశాడు. హాలంతా నిశ్శబ్దం. సంబరంతో చాప మీదికి ఉరకబోయిన తనవాళ్ళని గీసింక్ చెయ్యెత్తి ఆపేశాడు. ముందు ఓడినవాడికి నమస్కారం కావాలి. ఆ ఎత్తిన చెయ్యి నాకు తెలిసినంతలో అసలైన పైచేయి.

జపాన్‌ని ఆకాశానికి ఎత్తుతున్నానని అనుకునేలోపు రెండో వైపు కూడా చెప్పాలి. 1983 నుంచి ముప్ఫై ఏళ్ళలో జపాన్ బళ్ళలో జూడో వల్ల వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువమంది తలకి దెబ్బ తగిలి, చాలామంది కొత్తగా చేరినవాళ్ళు. అంటే ఉకెమి సరిగ్గా రాకముందే పెద్ద పిల్లలు, కోచ్‌లు ఎత్తి కుదేసినవాళ్ళు. పదిహేనుమంది మహిళా క్రీడాకారిణులు తమని కొడుతున్నారని ఫిర్యాదు చేస్తే 2013లో జాతీయ జట్టు కోచ్ దిగిపోవాల్సి వచ్చింది. సెన్‌పాయ్-కోహాయ్, సీనియర్-జూనియర్ మర్యాద అని మనవాళ్ళు తెగ మురిసిపోతారు. కిందవాడు తట్టినప్పుడు పైవాడు వదలకపోతే ఆ మర్యాదకి మన ర్యాగింగ్‌కి తేడా లేదు.

ఈ విద్య మన దేశానికి రాకపోలేదు. 1905లోనే సానో జిన్నోసుకే అనే ఆయన శాంతినికేతన్‌కి వచ్చి జూడో, జపనీసు రెండూ నేర్పాడు. 1929లో టాగోర్ పిలుపు మీద తకగాకి షింజో వచ్చి రెండేళ్ళున్నాడు. ఆడపిల్లలు కూడా నేర్చుకున్నారు. అమర్త్య సేన్ తల్లి అమితా సేన్ అక్కడ జూడో నేర్చినావిడే. డబ్బు చాలక, తకగాకిని కలకత్తా కార్పొరేషన్ తీసుకుంటే బావుణ్ణని టాగోర్ ప్రయత్నించాడు, కుదరలేదు. ఆయన వెళ్ళిపోయాడు. మన వైపు కూడా ఒక దారి తెరుచుకోబోయింది. 1919లో టాగోర్ మదనపల్లె వచ్చి జనగణమనని ఇంగ్లీషులోకి మార్చిన కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఆ ఏడాదే టోక్యో కెయో విశ్వవిద్యాలయానికి వెళ్ళి పాఠాలు చెప్పొచ్చాడు. ఆయన కవిత్వం మనిషి, కుస్తీల జోలికి పోలేదు. మదనపల్లెలో చాపలు పడలేదు.

ఈ మధ్య శ్రీసిటీలో పనిచేసే ఒక జపాన్ ఇంజనీరుతో నా వచ్చీరాని జపనీసులో ఈ గోలంతా వెళ్ళబోసుకున్నాను. ఆయన పెద్దగా ఉత్సాహపడలేదు. జూడో బళ్ళో బలవంతంగా చేశాడట, అస్సలు నచ్చలేదట. మంచు మీద కాలు జారినప్పుడు మాత్రం తల నేలకి కొట్టుకోలేదట, అంతవరకు పనికొచ్చిందన్నాడు. మీ కుస్తీలో ఓడినవాడు ఏమంటాడని అడిగాడు. ఏమీ అనడు, చూసేవాళ్ళే చిత్ అంటారని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, మరి పట్టు ఎప్పుడు వదలాలో పైనున్నవాడికి ఎలా తెలుస్తుంది అన్నాడు.